ఇరవై ఎనిమిదో నమదా

ఆ రోజు పొద్దున గొడవ టీ గురించి.

మామ స్టీలు గ్లాసు ఎడమచేత్తో పట్టుకుని, ఇంకా నోటిదాకా తీసుకుపోకుండానే, "ఏమే, ఇది టీనా? సల్లగా ఉండాది" అన్నాడు.

"ఇప్పుడే గదయ్యా దించింది. ఇంగా పొంగు కూడా అణగలేదు" అంది అత్త పొయ్యి దగ్గర నుంచే.

"అయితే నేను అబద్ధం చెప్తాండానా?"

"అబద్ధమో, కొట్లాటకు సాకో, నాకేం తెలుసు?"

అత్త లేచి వచ్చి గ్లాసు అందుకుంది. అందుకున్నంత వేగంగానే వదిలేసింది. సగం టీ అరుగు మీద ఒలికింది. "కాల్తాండాది గదా! ఇది సాలకపోతే పొయ్యిలో కొరివి తెచ్చిమ్మంటావా?"

మామ లేచి వాకిట్లో పని దగ్గరికి వెళ్లిపోయాడు. మా ఆయన యూసుఫ్ ధర్మవరంలో మరమగ్గాలు రిపేరు చేస్తాడు, బస్సుకు టైమవుతోంది. "పొద్దున్నే మొదలుపెట్టినారా ఇద్దరూ" అని నవ్వి, మిగిలిన టీ తాను తాగబోయి పెదవి కాల్చుకున్నాడు. అందరం నవ్వాం. నేను తుడుపుగుడ్డ తెచ్చి అరుగు తుడిచాను.

అది ఏప్రిల్ మొదటివారం. రంజాన్ వెళ్లి నాలుగు రోజులు కూడా కాలేదు.

మాది బత్తలపల్లె. మా ఇళ్లలో మగవాళ్లు ఒకప్పుడు ఊరూరా తిరిగి దూది ఏకి పరుపులు కుట్టినవాళ్లు. మా మామ పీర్ మహమ్మద్ తండ్రి మాత్రం దూదితోపాటు ఉన్నిని కూడా పట్టుకున్నాడు. మామకు వచ్చింది ఆ పనే. నమదా అంటే మగ్గం లేకుండా తయారయ్యే ఉన్ని పరుపు. ఏకిన ఉన్నిని ఈత చాప మీద పొరలుగా పరిచి, కుంకుడు రసం కలిపిన ఉడుకునీళ్లు పోసి, అరచేతులతో అదిమి, చాపతో సహా చుట్టి తాడు కడతారు. మోకాళ్ల మీద కూర్చుని ముంజేతులతో ముందుకూ వెనక్కూ దొర్లిస్తారు. విప్పి, అడ్డం తిప్పి, మళ్లీ నీళ్లు పోసి దొర్లిస్తారు. పరిచినప్పుడు తొమ్మిదడుగులున్నది ఆరడుగులకు కుంచించుకుపోతుంది. చివరికి దాన్ని కత్తెరతో కోయాలన్నా బలం కావాలి.

నేను ఆ నమదాల రికార్డు రాస్తాను. రికార్డు అంటే నిజంగా రికార్డే. నా బియస్సీ కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌ది సగం ఖాళీగా మిగిలింది, ఒకవైపు గీతలు, ఒకవైపు తెల్లకాగితం. రెండేళ్ల కిందట ఊరికే కూర్చోలేక మొదలుపెట్టాను. గీతల పేజీలో ఉన్ని ఎవరిది, ఎన్ని కిలోలు, పరిచిన కొలత, ఆరిన తరువాత కొలత, నాలుగు మూలల మందం, ఎన్నిసార్లు దొర్లించింది. తెల్లకాగితం మీద ఆ నమదా అంచు నుంచి కోసిన రెండు వేళ్ల ముక్క, నాలుగు కుట్లు వేసి.

"నీ మామకు మార్కులేస్తాండావా?" అనేది అత్త జమీలాబీ.

"నూటికి ఎన్నొచ్చినాయి మ్మా? పాసేనా?" అనేవాడు మామ.

ఎన్నిసార్లు దొర్లించావు మామా అని అడిగితే మాత్రం ఎప్పుడూ చెప్పేవాడు కాదు. "లెక్కబెడితే అది పని కాదు నజ్మా. ఉన్ని సాలు అంటాది. చేతికి తెలుస్తాది. ఆపుతా." అందుకని నేనే గడపలో కూర్చుని బియ్యం ఏరుతూ లెక్కపెట్టి రాసుకునేదాన్ని. పోయినేడాది పీర్ల నమదా నా రికార్డులో పదిహేడోది. ఎనిమిది వందల నలభై.

పీర్ల నమదా అంటే, మొహర్రానికి మా ఊరి చావిడిలో పీర్లను నిలిపే గద్దె మీద పరిచేది. నల్లది, ఆరడుగులది. ఏటా కొత్తది మా ఇంటి నుంచే పోతుంది. పాతదాన్ని ముక్కలు చేసి మొక్కుకున్నవాళ్లకు ఇస్తారు, పసిపిల్లల తలగడ కింద పెట్టుకుంటారు. దాన్ని మా ఇంటి మగవాళ్లు తప్ప ఇంకొకరు చుట్టరు. ఆడవాళ్లు ఉన్ని కడగొచ్చు, ఏకొచ్చు, నీళ్లు కాచివ్వొచ్చు. చెయ్యి ఆనించకూడదు. యూసుఫ్‌కు ఇనుము తప్ప ఇంకేదీ చేతికి రాదు. కాబట్టి మామ ఉన్నన్నాళ్లే ఆ నమదా. ఆ మాట ఇంట్లో ఎవరూ అనేవాళ్లు కాదు.

ఏప్రిల్ ఆఖర్లో కంబదూరు నుంచి ఈరప్ప పీర్ల నమదాకు నల్ల ఉన్ని తెచ్చాడు. గొర్రెలు కాసే కురబాయన, మామకు ముప్పై ఏళ్ల స్నేహం. మూడు మూటలు వాకిట్లో దింపి, నీళ్లు తాగి, తువ్వాలతో మూతి తుడుచుకుని, "ఈసారి నా సరుకు నేను పొగడను పీరన్నా" అన్నాడు. "పుష్యమాసంలో నెలదినాలు మేత ల్యాకపాయ. చింతాకు దూసి పెట్టినా. సూసి తీసుకో."

మామది ఎడమచేతి వాటం. మూటలోంచి ఒక పాయ లాగి, అలవాటు ప్రకారం కళ్లు మూసుకుని ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపాడు. చాలాసేపు నలిపాడు. మామూలుగా అయితే రెండుసార్లు నలిపి చెప్పేసేవాడు.

"బాగుండాదప్పా. ఇంతకంటే మంచిది యాడ దొరుకుతాది?"

ఈరప్ప నా వైపు చూశాడు. తరువాత మూట వైపు చూశాడు. "నువ్వు బాగుందన్నాక ఇంకేముండాదిలే" అన్నాడు.

మధ్యాహ్నం రికార్డు కోసం నేను ఒక పాయ తీసుకున్నాను. రెండు కొసలూ పట్టుకుని లాగితే టప్పున తెగింది, సరిగ్గా నడిమధ్యన. ఇంకోటి లాగాను. మధ్యనే. పది పాయలు లాగి స్కేలు పక్కన వరుసగా పెట్టాను. పదీ ఒక్కచోటే తెగాయి. గొర్రె ఒంటి మీద ఆ నెల పెరిగిన భాగం మిగతాదాని కంటే సన్నగా ఉంది. పీర్ల నమదా కోసం తీసిపెట్టిన పేజీలో రాశాను: "మధ్యలో తెగుతోంది. పదికి పది. పుష్యమాసం." ముక్క కుట్టాల్సిన చోట ఆ తెగిన పాయల్లో రెండు అతికించాను.

రాశాను. చెప్పలేదు. ఉన్ని సంగతి మామకు నేను చెప్పడం ఏమిటి అనుకున్నాను. అంతకుమించి నేనేమైనా అనుకున్నానేమోనని తరువాత చాలాసార్లు వెతికాను. ఏమీ దొరకలేదు. ఆ ఎండాకాలమంతా నా లోపల అలాగే ఉండేది. బోరు ఎండింది, ట్యాంకరు వచ్చేది, బిందెలు వరుసలో పెట్టేదాన్ని, తెచ్చుకునేదాన్ని. దేనికీ దుఃఖమూ లేదు, చిరాకూ లేదు. చేయాల్సినవి చేసేదాన్ని, కొలిచేవి కొలిచేదాన్ని.

కొలతల్లో ఇంకొకటి కూడా కనిపించింది. ఇరవై నాలుగో నమదా నుంచి ఎడమవైపు రెండు మూలలూ సరిగ్గా అణగక మందంగా వస్తున్నాయి. ఇరవై ఐదు, ఇరవై ఆరు, అదే వరుస. వాకిలి ఏటవాలుగా ఉందేమో అనుకుని ఇటుక ముక్క పెట్టి చూశాను. వాకిలి సమంగానే ఉంది. అది కూడా రాశాను.

మే నెలలో ఒకరోజు అన్నాల దగ్గర మామ, "నజ్మా, పోయినేడు పీర్లది ఎన్నిసార్లని రాసినావు?" అన్నాడు.

"ఎనిమిది వందల నలభై మామా."

"నీళ్లు ఎన్నిసార్లు పోసినా?"

"నాలుగుసార్లు. రెండువందల పదికి ఒకసారి."

మామ తల ఊపాడు. అత్త నవ్వింది. "ఇన్నాళ్లకు పాసైనట్టుండాదే నీ పుస్తకం."

నాకు లోపల ఎక్కడో చిన్నగా గర్వం కలిగింది. అది బాగా గుర్తుంది, ఆ కాలంలో నాకు గుర్తున్న ఒకే ఒక్క మంచి సంగతి అదే కాబట్టి. ఇంకో వారానికి ఇరవై ఏడోదాని మధ్యలో మామ మళ్లీ అడిగాడు, పందొమ్మిదోదానికి ఎన్ని అని. తీసి చదివాను. తరువాత పదకొండోది కూడా అడిగాడు. రెండేళ్లు ఎగతాళి చేసిన మనిషి అన్నీ ఎందుకు అడుగుతున్నాడో నేను ఆలోచించలేదు. అడిగింది చదివాను.

బక్రీద్ అయిన మూడోనాడు పీర్ల నమదా మొదలైంది. నా లెక్కలో ఇరవై ఎనిమిదోది. ఆ ఏడు మొహర్రం జూన్ ఆఖర్న వచ్చింది, నెలవంక కనపడటానికి ఇంకా పదహారు రోజులుంది. అత్త తెల్లవారకముందే లేచి ఉన్ని ఏకింది. మామ చాప మీద నల్లగా, మోకాలెత్తున పరిచాడు. నేను రేకుల పంచలో మూడు రాళ్ల పొయ్యి మీద నీళ్ల అండా పెట్టాను.

చుట్టి, తాడు కట్టి, మామ మోకాళ్ల మీద కూర్చున్నాడు. నేను గడపలో చేట పట్టుకుని నా లెక్క మొదలుపెట్టాను. అరవై దగ్గర నాకు ఇంకో గొంతు వినిపించింది. చేట ఆపాను.

"అరవై ఒకటి. అరవై రెండు. అరవై మూడు."

మామ లెక్కపెడుతున్నాడు. పెదాలు కదిలీ కదలనట్టు, తల వంచుకుని, చదువురాని పిల్లాడు ఎక్కాలు అప్పజెప్పినట్టు.

నేను నా లెక్క మానేశాను. ఆయనది విన్నాను. రెండువందల పది దగ్గర ఆగాడు. ఖచ్చితంగా రెండువందల పది దగ్గర. "నీళ్లు" అన్నాడు.

పొయ్యి మీది నుంచి అప్పుడే దించిన నీళ్లు బకెట్లో పోసి తెచ్చాను. చల్లనీళ్లు కలపడానికి చెంబు కోసం వెనక్కి తిరిగాను. తిరిగి చూసేసరికి మామ సగం నీళ్లు ఉన్ని మీద ఒంపి, ఎడమ అరచేత్తో అదుముతున్నాడు. పొగలు ఆయన మోచేతి దాకా వస్తున్నాయి. తొందర లేదు. నలభై ఏళ్లుగా ఎలా అదిమాడో అలాగే, అంగుళం అంగుళం జరుపుతూ అదుముతున్నాడు. చెయ్యి మణికట్టు దాకా ఎర్రబడింది, వేళ్ల దగ్గర చర్మం తెల్లగా లేస్తోంది.

నేను చెంబులో నీళ్లు ఆ చేతి మీద పోశాను.

మామ తలెత్తాడు. నన్ను చూశాడు. తరువాత తన చేతిని చూసుకున్నాడు, అది వేరే ఎవరిదో అయినట్టు.

"ఎప్పటి నుంచి మామా?"

"రంజాన్ ముందు నుంచి." వేళ్లు ముడిచి తెరిచి, "మొదట వేళ్ల కొసలే" అన్నాడు.

"తెలుస్తాదా ఏమన్నా?"

"ఉండాదని తెలుస్తాది. అంతే."

లోపల అత్త పోపు వేస్తున్న చప్పుడు. మామ మళ్లీ చాప చుట్టసాగాడు. నేను ఆయన ముంజేయి పట్టుకున్నాను. ఆయన నా చెయ్యి మెల్లగా తీసేశాడు.

"ఇంగా ఆరువందల ముప్పై ఉండాది మ్మా" అన్నాడు. "ఇది మాత్రం రాయొద్దు."

రాయలేదు. ఆపనూ లేదు. పుష్యమాసపు ఉన్ని గురించి అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. గడపలో కూర్చుని ఆరువందల ముప్పై విన్నాను. ఎనిమిది వందల నలభైకి మామ ఆగాడు, తాడు విప్పాడు, చాప తెరిచాడు. నమదా రాలేదు. మధ్యలో చేయి పట్టేంత చిల్లులు, అంచుల్లో పిడచలు. ఎత్తబోతే మూడు ముక్కలై చాప మీదే ఉండిపోయింది.

మామ ఒక పిడచ తీసి కుడిచేత్తో నలిపాడు. "సచ్చిన ఉన్ని" అన్నాడు. అంతే.

మరుసటిరోజు యూసుఫ్ ఆయన్ను అనంతపురం తీసుకుపోయాడు. మామ చేతికి కట్టుతో తిరిగొచ్చారు. "సుగరంట. నరాలంట. పోయింది తిరిగి రాదంట" అని చెప్పాడు యూసుఫ్ చెప్పులు విప్పుతూ. అత్త గోడకు ఆనుకుని కూర్చుంది. "ఆ పొద్దు టీ" అంది. ఆ రోజు నుంచి మామకు టీ తానే పట్టుకుని, ముందు తన అరచేతిలో గ్లాసు ఆనించి చూసి ఇచ్చేది.

నాలుగో రోజు శ్రీరంగప్ప వచ్చాడు. పట్టుమగ్గాలాయన, చావిడికి పెద్ద. అరుగు మీద కూర్చుని ఎండ గురించి మాట్లాడాడు, ట్యాంకర్ల గురించి మాట్లాడాడు. లేచేముందు, "ఏమనుకోవద్దు పీరన్నా. చెయ్యి మానేదాకా ఈ ఏటికి బజార్లో నల్ల కార్పెట్టు తెచ్చి పరుద్దామని కుర్రోళ్లు అంటాండారు" అన్నాడు.

"కార్పెట్టా" అన్నాడు మామ.

"ఈ ఒక్క ఏడే."

"ఒక్క ఏడు పరిస్తే రెండో ఏడు ఎవరడుగుతారు శ్రీరంగప్పా?"

శ్రీరంగప్ప తువ్వాల భుజం మార్చుకున్నాడు. "నాకు మాత్రం ఇష్టమా సామీ. శుక్రవారం లోపల ఒక మాట చెప్పు."

గురువారం పొద్దున ఈరప్ప మళ్లీ వచ్చాడు. ఎవరు చెప్పారో తెలియదు. మూట ఒక్కటే తెచ్చాడు, నల్లగా, మెత్తగా, నిగనిగలాడుతూ ఉంది. "శివరాత్రి అయినాక పుట్టిన గొర్రెపిల్లలది. ఇవి పుష్యమాసం సూడలేదు" అన్నాడు. "పొట్టి ఉన్నే, కానీ తెగదు. చేసినా చెయ్యకున్నా ఈడనే పెట్టుకో." మామ ముఖం చూడకుండా వెళ్లిపోయాడు.

నేను ఒక పాయ తీసి లాగాను. తెగలేదు. అప్పుడు మామ దగ్గరికి వెళ్లి నిలబడ్డాను.

"పోయినసారి ఉన్ని తెగుతాదని నాకు ముందే తెలుసు మామా. లాగి చూసినా. పుస్తకంలో రాసినా."

"నాకు చెప్పలేదే?"

"నువ్వు బాగుందన్నావు."

మామ "పుస్తకం తే" అన్నాడు.

తెచ్చాను. ఒళ్లో పెట్టుకుని, కట్టులేని కుడిచేత్తో ఒక్కో పేజీ తిప్పాడు, ఒక్కో ముక్కను వేలితో నిమిరాడు. ఇరవై ఎనిమిదో పేజీ దగ్గర, ఆ తెగిన రెండు పాయల దగ్గర ఆగాడు. తరువాత వెనక్కి తిప్పి, "కండ్లు మూసుకో" అన్నాడు.

మూసుకున్నాను. నా వేలు పట్టుకుని ఒక ముక్క మీద పెట్టాడు.

"ఎన్నోది?"

నాకు ఆలోచన అవసరం కాలేదు. "పందొమ్మిది."

పేజీలు తిరిగిన చప్పుడు. "ఇది?"

"పదకొండు. ఇంకో నూరుసార్లు దొర్లించి ఉంటే సరిపోయేది."

"రాసినావా అట్లని?"

"లేదు. ఇప్పుడు చేతికి తెలిసింది."

మళ్లీ చప్పుడు. "ఇది?"

"పదిహేడు." దాని మీద వేలు ఇంకొంచెంసేపు ఉంచాను. గట్టిగా, సమంగా, ఎక్కడా ఎగుడుదిగుడు లేకుండా ఉంది. "ఇది సరిగ్గా ఆగినాది మామా."

కళ్లు తెరిచేసరికి మామ పుస్తకం మూసి గూట్లో పెట్టేస్తున్నాడు.

శుక్రవారం నమాజు నుంచి మామా, యూసుఫూ వచ్చాక అన్నాలకు కూర్చున్నాం. సంగటి, బెండకాయ పులుసు, పచ్చిమిరపకాయల శనక్కాయ ఊరిబిండి. అత్త మామ ముద్దను పళ్లెంలో నాలుగు తుంటలు చేసి, ఆవిరి పోయేదాకా చేత్తో విసిరింది. మామ వద్దనలేదు.

"సాయంత్రం శ్రీరంగప్ప వస్తాడు నాయనా" అన్నాడు యూసుఫ్. "కార్పెట్టే తెచ్చుకోమని చెప్దాం. ఎవరూ ఏమీ అనుకోరు."

"రేపు పొద్దున ఉన్ని పరుస్తాం" అన్నాడు మామ. "ఏకేది మీయమ్మ. చుట్టేది నజ్మా."

యూసుఫ్ చెయ్యి పళ్లెంలోనే ఆగిపోయింది. అత్త గరిటె కింద పెట్టింది.

"పీర్ల నమదా మీద ఆడోళ్లు చెయ్యి పెట్టగూడదని ముప్పై ఐదేండ్లు నన్ను గడప ఇవతలే కూర్చోబెట్టినావు" అంది.

"కూర్చోబెట్టినా" అన్నాడు మామ.

అత్త ఇంకా ఏదో అంటుందని చూశాం. ఆమె మామ ముఖం చూసింది, కట్టు చూసింది. తరువాత నా పళ్లెంలో అడగకుండానే ఇంకో ముద్ద వేసింది.

"శ్రీరంగప్పకు ఏం చెప్తావు?" అన్నాడు యూసుఫ్.

"ఇదే చెప్తా. మా ఇంటినుంచే వస్తాదని చెప్తా. ఎవరు చుట్టినారో కూడా చెప్తా. వద్దంటే కార్పెట్టు పరుచుకుంటారు."

నేను నీళ్లు తాగాను. "ఇది పిల్లల ఉన్ని మామా" అన్నాను. "పాత లెక్కలు దీనికి పనికిరావు. ముందు చిన్న ముక్క చేసి, ఎన్నిసార్లకు గట్టిపడతాదో రాసుకుని, అప్పుడు..."

"లెక్కొద్దు" అన్నాడు మామ.

చల్లారిన ముద్దను కుడిచేత్తో తుంచి, పులుసులో ముంచి, నోట్లో పెట్టుకోకుండా అలాగే పట్టుకున్నాడు.

"ఉన్ని సాలు అంటాది. అన్నప్పుడు నాకు చెప్పు."